నూనెలో దాగిన నువ్వు

కిరాణా కొట్లో నూనె సీసాలు పేర్చిన అర ముందు ఒక్క నిమిషం నిలబడండి. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె, తవుడు నూనె, కొబ్బరి నూనె. ముందు మాట మారుతుంది గానీ వెనక 'నూనె' మారదు. ఆ చిన్న మాటను మధ్యకు విరిస్తే లోపల ఒక గింజ కనిపిస్తుంది. నూనె అంటే నూ, నెయ్యి కలిసిన మాట. 'నూ' అంటే నువ్వు. పాత తెలుగులో నువ్వుకు నూ, నూవు అనే రూపాలుండేవి. 'నెయి' అంటే కొవ్వు, జిడ్డు, నెయ్యి. నువ్వుల్లోంచి తీసిన నెయ్యి గనక నూనెయి. నాలుకల మీద అరిగి అరిగి నూనె అయింది. ఆ లెక్కన కొబ్బరి నూనె అన్న ప్రతిసారీ మనం 'కొబ్బరి నువ్వుల నెయ్యి' అంటున్నట్టే. నువ్వుల నూనె అన్నప్పుడైతే నువ్వును రెండుసార్లు తలుచుకుంటున్నాం.

పొరుగు భాషల్లోకి తొంగి చూస్తే ఈ ముచ్చట ఇంకా రుచిగా ఉంటుంది. తమిళంలో నువ్వును ఎళ్ అంటారు. నూనెను ఎణ్ణెయ్ అంటారు, అంటే ఎళ్, నెయ్. కన్నడంలో ఎణ్ణె, మలయాళంలో ఎణ్ణ. వాళ్ల నువ్వు మాట వేరు, మన నువ్వు మాట వేరు. మన మాటకు చుట్టాలు గోండీ, కొలామీ భాషల్లో దొరుకుతాయి. గింజ పేరు వేరైనా నూనెకు పేరు కట్టిన తీరు మాత్రం ఒక్కటే. సంస్కృతం కూడా అదే పని చేసింది. తిల నుంచి తైలం పుట్టింది, ఆ తైలమే హిందీలో తేల్ అయింది. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఇది: ఇన్ని భాషలవాళ్లు ఒకే దారిన పేరు పెట్టారంటే, ఈ నేల మీద ఒకప్పుడు గింజనూనె అనగానే మనసులో మెదిలింది నువ్వు ఒక్కటే. తరవాత వచ్చిన నూనెలన్నీ దాని పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాయి.

మధ్యధరా సముద్రం చుట్టూ ఈ స్థానం ఆలివ్‌ది. గ్రీకులు ఆలివ్ చెట్టును ఎలాయా అన్నారు, దాని నూనెను ఎలాయోన్ అన్నారు. లాటిన్ గుండా తిరిగి తిరిగి ఆ మాటే ఇంగ్లీషులో 'ఆయిల్' అయింది. ఒకే కొబ్బరి సీసా మీద తెలుగు అక్షరాలు నువ్వును, ఇంగ్లీషు అక్షరాలు ఆలివ్‌ను తలుచుకుంటాయి. ఆ సీసాలో రెండూ ఉండవు.

ఇంటిపేరు తీసుకోనిది మన ఇళ్లల్లో ఒకటుంది, ఆముదం. దాన్ని ఆముదం అనే అంటాం, వెనక నూనె తగిలించం. మిగతా వాటికి 'నూనె' తప్పలేదు. చివరికి కిరసనాయిలు వస్తే దాన్ని కూడా గ్యాసు నూనె అన్నాం. అన్నీ నూనెలైపోయాక అసలు నూనెను వేరుగా చెప్పాల్సి వచ్చింది. అందుకే దానికి మంచినూనె అనే పేరు పడింది. ఇప్పుడు చాలా ఇళ్లల్లో వేరుశనగ నూనెను కూడా మంచినూనె అంటున్నారు. పొట్టు తీసిన నువ్వుపప్పును ఆడించిన నూనెను కోస్తా జిల్లాల్లో పప్పునూనె అంటారు. అక్కడ ఆవకాయ కలిపేవాళ్లను ఏ నూనె పోశారని అడిగితే వచ్చే జవాబు ఆ మాటే.

ఇంత పేరు మోసిన మొక్క చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా నిటారుగా పెరుగుతుంది, నేల బాగుంటే ఇంకాస్త సాగుతుంది. ఆకుల మొదళ్లలో గంటలాంటి పూలు, తెలుపు గానీ లేత గులాబీ గానీ. కింది నుంచి పైకి వరసగా పూస్తూ పోతుంది. విత్తిన ఎనభై, తొంభై రోజుల్లో కోతకు వస్తుంది. చేతిలోకి తీసుకున్న గింజకు బరువే తెలియదు. వెయ్యి గింజలు తూస్తే మూడు గ్రాములు, అంటే కిలోకు మూడు లక్షల పైచిలుకు గింజలు. అంత చిన్న గింజలో సగం బరువు నూనెదే. లిన్నేయస్ 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు దీన్ని సెసమం ఇండికం అన్నాడు. మాట గ్రీకుది, విశేషణం మన దేశానిది.

ఆ విశేషణం సరైనదేనా అని వృక్షశాస్త్రవేత్తలు చాలాకాలం అనుమానించారు. సెసమం ప్రజాతిలోని అడవి మొక్కల్లో ఎక్కువ భాగం ఆఫ్రికాలో పెరుగుతాయి. చుట్టాలంతా అక్కడుంటే పుట్టిల్లు కూడా అక్కడే అయి ఉండాలని వాళ్ల వాదం. డొరొతియా బెడిగియన్ అనే అమెరికా శాస్త్రవేత్త దశాబ్దాలు ఈ ప్రశ్న మీద పనిచేశారు, ఆమెకు జవాబు మన దేశంలోనే దొరికింది. మన పశ్చిమ తీరంలో, కేరళ వైపు, సెసమం మలబారికం అనే అడవి నువ్వు పెరుగుతుంది. ఆఫ్రికా జాతుల్లో చాలావాటికి క్రోమోజోముల లెక్కే వేరు. ఈ మలబారు మొక్కకు మాత్రం సాగు నువ్వుకున్నట్టే 26 క్రోమోజోములున్నాయి. రెండింటినీ సంకరం చేస్తే గింజ మొలిచే సంతానం వస్తుంది. గింజలోని ప్రత్యేక రసాయనాలూ కలుస్తాయి. సింధు లోయలోని హరప్పా తవ్వకాల్లో మాడిపోయిన నువ్వుల ముద్ద దొరికింది. మాధవ్ స్వరూప్ వత్స్ ఆ తవ్వకాల మీద 1940లో అచ్చువేసిన నివేదికలో అది నమోదైంది. దాని వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే. ఇండికం అన్న విశేషణం నిలబడింది.

ఇక్కడి నుంచి ఈ గింజ పడమటికి నడిచింది. మెసొపొటేమియా మట్టి పలకల మీద షమష్షమ్ము అనే పంట పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. నూనె మొక్క అని దాని అర్థం. అయితే అక్కడి తవ్వకాల్లో చాలాకాలం నువ్వు గింజలు దొరకలేదు, అవిసెలు మాత్రం దొరికాయి. డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ హెల్బెక్ దీన్ని పట్టుకుని, ఆ పలకల్లోది అవిసె అయి ఉండాలని వాదించాడు. ఆ వాదాన్ని పడగొట్టింది పంట కాలం. పలకల లెక్కల్లో షమష్షమ్ము ఎండాకాలపు పంట. ఆ దేశంలో అవిసె చలికాలపు పంట. నువ్వుకు వేడి కావాలి, చలి పడదు. తరవాత తవ్వకాల్లో నువ్వులు కూడా బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, బాబిలోనియా వాళ్లకు నువ్వుల నూనె తప్ప వేరే నూనె లేదని రాశాడు. ఇంకా ఉత్తరాన, నేటి ఆర్మీనియాలోని కర్మీర్ బ్లూర్ కోటలో క్రీస్తుకు పూర్వం ఏడో శతాబ్ది నాటి నువ్వుల నూనె కార్ఖానా ఆనవాళ్లు దొరికాయి.

మెసొపొటేమియా పలకల మీది అక్కడియన్ భాషలోనే 'ఎల్లు' అని నువ్వుల నూనెకు ఒక పేరుంది. దక్షిణాది 'ఎళ్' సముద్రం దాటి అక్కడికి చేరిందని కొందరు పండితులు అంటారు. వినడానికి చాలా బాగుంటుంది. కానీ అక్కడియన్‌లో ఎల్లు అంటే 'స్వచ్ఛమైన' అనే మామూలు అర్థం కూడా ఉంది, మేలురకం నూనెను అలా పిలిచి ఉండవచ్చు. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. నేనైతే ఈ ఒక్కదాన్నీ పక్కన పెడతాను.

షమష్షమ్ము దారి మాత్రం తేటగా ఉంది. అదే అరబ్బీలో సింసిం, గ్రీకులో సెసమోన్, ఇంగ్లీషులో సెసమీ. ఆలీబాబా కథలో గుహ తలుపు తెరిచే మాట 'ఖుల్ జా సింసిం' అంటే 'నువ్వూ, తెరుచుకో' అని. గుహలో చిక్కిన ఆలీబాబా అన్న కాశిం ఆ మాట మరిచిపోయి బార్లీ పేరు, ఇంకా వేరే ధాన్యాల పేర్లు అరుస్తాడు. తాను మరిచింది ఒక గింజ పేరని మాత్రం అతనికి గుర్తుంది. అరబ్బీలోనే నువ్వుకు జుల్జులాన్ అని ఇంకో పేరుంది. అది స్పెయిన్‌లో అహొన్‌హొలీ, పోర్చుగల్‌లో జెర్జెలిం అయింది. మన సీసాల మీద ఇంగ్లీషులో కనిపించే 'జింజెల్లీ' ఆ కుదురుదే. పశ్చిమ ఆఫ్రికాలో దీని పేరు బెన్నె. బానిసలుగా పట్టుబడి అమెరికాకు తరలిపోయిన ఆఫ్రికన్లు గింజతో పాటు పేరునూ తీసుకువెళ్లారు. దక్షిణ కరొలైనాలో బెన్నె బిళ్లలు ఇప్పటికీ చేస్తారు. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన తోటలో బెన్నె వేసి, నూనె తీయించి, ఆలివ్ నూనెకు బదులుగా పనికొస్తుందని మురిసిపోయాడు.

నువ్వు కాయ నిజంగానే తెరుచుకుంటుంది. రైతుకు అసలు తలనొప్పి అదే. పండిన కాయ కొన నుంచి చీలి నోరు తెరుస్తుంది. గాలికి చేను ఊగితే గింజలు నేల పాలు. పైగా కింది కాయ పండేసరికి పై కాయ ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొందరపడి కోస్తే తాలు, ఆలస్యం చేస్తే రాలు. అందుకే కింది కాయలు పసుపు రంగుకు తిరిగి ఆకులు రాలే వేళ చూసి కోస్తారు. కట్టలు కట్టి కళ్లంలో నిలబెట్టి ఎండనిస్తారు. తరవాత తలకిందులు చేసి దులుపుతారు, కర్రతో మెల్లగా కొడతారు. అడవి మొక్కకు గింజ చిమ్మడం బతుకుతెరువు. గోధుమ, వరి మనిషి చేతిలో పడి ఆ అలవాటు మానుకున్నాయి. నువ్వు నాలుగు వేల ఏళ్లయినా మానుకోలేదు. యంత్రంతో కోసే పంటలు ముందుకు పోతుంటే నువ్వు వెనకబడిపోవడానికి ఇది పెద్ద కారణం.

1943లో వెనిజులాలో డెరాల్డ్ లాంగమ్ అనే జన్యుశాస్త్రవేత్తకు తన చేలో నోరు తెరవని కాయలున్న ఒకే ఒక్క మొక్క కనిపించింది. ఒక జన్యువులో వచ్చిన మార్పు అది. సమస్య తీరిందనుకున్నారు. అయితే ఆ కాయ ఎంత బిరుసంటే, యంత్రంలో నూర్పిడి చేస్తే గింజ నలిగి నూనె బయటికి వచ్చేది. ఆయన కుటుంబం టెక్సాస్‌లో ఆ పని ఏళ్ల తరబడి కొనసాగించింది. కాయ కొంచెమే తెరుచుకోవాలి, గింజను మాత్రం లోపలే పట్టి ఉంచాలి. అలాంటి రకాలు చివరికి వచ్చాయి, అక్కడి పొలాల్లో యంత్రాలతో కోస్తున్నారు. మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగా కొడవలే.

మన రాష్ట్రాల్లో ఎలమంచిలి, జగిత్యాల పరిశోధన కేంద్రాలు ఈ పంట మీద పనిచేశాయి. గౌరి, మాధవి ఎలమంచిలి రకాలు. శ్వేత, హిమ జగిత్యాలవి. వర్షాధారంగా ఎకరానికి రెండు మూడు క్వింటాళ్లు వస్తే రైతు సరిపెట్టుకుంటాడు. నువ్వు ఎండకు ఓర్చుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే బతకదు. దాన్ని పీడించే జబ్బుల్లో వింతైనది వెర్రి తెగులు. పువ్వు రావలసిన చోట ఆకుల గుత్తి వస్తుంది, కాయ కట్టదు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి కారణం. దీపపు పురుగులు రసం పీలుస్తూ దాన్ని మొక్క నుంచి మొక్కకు మోసుకుపోతాయి. అన్నట్టు, అరకు కొండల మీద పచ్చగా పూసే వలిసెలను వెర్రినువ్వులు అనడం కద్దు. వాటికీ నువ్వుకూ బంధుత్వం లేదు. వలిసె పొద్దుతిరుగుడు కుటుంబానిది, ఇథియోపియా నుంచి వచ్చింది. గింజలో నూనె ఉంది గనక మనవాళ్లు దానికీ నువ్వు పేరే పెట్టారు.

ఇక ఆవకాయ సంగతి. ఏడాది పొడుగునా జాడీలో ఉండే పచ్చడికి పప్పునూనెనే ఎందుకు ఎంచుకున్నారు? రసాయనంగా చూస్తే నువ్వుల నూనె త్వరగా చెడాలి. అందులోని కొవ్వు ఆమ్లాల్లో ఓలియిక్ దాదాపు నలభై శాతం, లినోలియిక్ ఇంచుమించు అంతే. గట్టి కొవ్వు పదిహేను శాతం లోపు. ఓలియిక్, లినోలియిక్ గొలుసుల్లో ద్విబంధాలుంటాయి. గాలిలోని ఆక్సిజన్ పట్టుకునేది సరిగ్గా ఆ చోటనే. ఒక అణువు చెడితే అది పక్కదాన్ని చెరుపుతుంది, అది ఇంకోదాన్ని. గొలుసు నిప్పులా పాకుతుంది. పాత నూనెకు వచ్చే వాసన ఈ విరిగిన ముక్కలదే. నువ్వుల నూనెలో ఈ నిప్పును ఆపేవి ఉన్నాయి. సెసమిన్, సెసమోలిన్ అనే లిగ్నన్లు ఈ గింజ ప్రత్యేకత. వేడి తగిలితే సెసమోలిన్ విరిగి సెసమోల్ పుడుతుంది. చెడిపోతున్న అణువుకు సెసమోల్ తన హైడ్రోజన్‌ను ఇచ్చి అక్కడితో గొలుసు తెంపేస్తుంది. గింజలోని విటమిన్-ఇ కూడా దీనికి తోడు నిలుస్తుంది. జాడీలో ముక్కల పైకి తేలి నిలిచే నూనె గాలిని లోపలికి రానివ్వదు, తానూ తొందరగా చెడదు. మన అమ్మమ్మలకు లిగ్నన్ల పేరు తెలియదు. ఏ నూనె పోసిన జాడీ మరుసటి వేసవి దాకా నిలిచిందో మాత్రం బాగా తెలుసు.

ఈ సెసమోలే నువ్వుల నూనెకు వేలిముద్ర లాంటిది. నూనెలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త ఫర్ఫ్యురాల్ కలిపి కుదిపితే అడుగున ఆమ్లం పొర గులాబీ ఎరుపు ఎక్కుతుంది. దీన్ని బాడోయిన్ పరీక్ష అంటారు. వేరే ఏ వంటనూనెకూ ఆ రంగు రాదు. మన దేశపు చట్టం దీన్ని చక్కగా వాడుకుంది. వనస్పతి మార్కెట్లోకి వచ్చాక దాన్ని నేతిలో కలిపి అమ్మడం మొదలైంది. చూపుకూ వేలికీ తేడా తెలియదు. అందుకని తయారయ్యే ప్రతి వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలని నియమం పెట్టారు. ఎవరైనా నేతిలో వనస్పతి కలిపితే పరీక్షనాళికలో ఎరుపు బయటపడుతుంది. నేతిని కాపాడటానికి కాపలా పెట్టింది నువ్వును. తన పేరులో నేతిని మోస్తున్న నూనెకు ఈ పని అప్పగించడం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది. పరీక్షకు హద్దు కూడా ఉంది. నువ్వుల నూనె లేని వేరే కొవ్వును నేతిలో కలిపితే ఇది పట్టలేదు, దానికి వేరే పరీక్షలు కావాలి.

గానుగాడితే నూనెతో పాటు పిండి వస్తుంది. ఎద్దు తిరిగే చెక్క గానుగ నూనెనంతా లాగలేదు, పిండిలో పది శాతం దాకా మిగిలిపోతుంది. ఆ మిగిలిన నూనె వల్లే తెలకపిండి కూరకు ఆ కమ్మదనం. మునగాకు వేసి వండి బాలింతలకు పెట్టేది ఈ పిండినే. గానుగ ఆడించే తెలికుల కులం పేరు, తెలకపిండి పేరు తిల, తైలం అన్న మాటల పక్కనే నిలబడి ఉన్నాయి. నువ్వుల మాంసకృత్తుల్లో మెథియోనిన్ బాగా ఉంటుంది, లైసిన్ తక్కువ. కందిపప్పులో దీనికి తలకిందులు. పప్పన్నం పక్కన నువ్వుల పొడి ఉంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది.

ఎముకల బలానికి నువ్వులు తినమనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 100 గ్రాములకు దాదాపు 975 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజం. కానీ అందులో చాలా భాగం పొట్టులో ఆక్సలేట్‌తో ముడిపడి ఉంటుంది, ఒంటికి పట్టదు. పొట్టు తీస్తే చేదు పోతుంది, ఆక్సలేట్ పోతుంది, దానితో కాల్షియంలోనూ ఎక్కువ భాగం పోతుంది. పాలు మానేసి నువ్వులుండల మీదే ఆధారపడటం తెలివైన పని కాదు. చిమ్మిలి రుచికి తినండి. పైగా నువ్వులు పడనివాళ్లు కూడా ఉంటారు, కొందరికి అది ప్రాణం మీదకి వస్తుంది. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి ఆహార పొట్లాల మీద నువ్వును ప్రధాన అలర్జీ పదార్థంగా అచ్చువేయడం తప్పనిసరి చేశారు. అక్కడి మన పిల్లల బడికి సకినాలు, నువ్వుండలు పంపేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పేరుకు మూలమైన గింజ ఈరోజు మన వంటింట్లో మూలకు జరిగింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచి వస్తోంది, అందులో పామాయిల్‌దే పెద్ద వాటా. నువ్వుల నూనె ఖరీదు ఎక్కువ గనక కల్తీకి ఆశ కూడా ఎక్కువ. కొట్లో అదే అరలో 'దీపారాధన నూనె', 'పూజ నూనె' అని తక్కువ ధరకు సీసాలుంటాయి. సీసా మీద నువ్వుల బొమ్మ ఉండవచ్చు, వాసన కూడా దగ్గరగా ఉండవచ్చు. అవి తినడానికి చేసినవి కావు. వంటకు వాడరాదని చాలావాటి మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఆవకాయకు నూనె కొనే ముందు సీసా వెనక్కి తిప్పి ఆ చిన్న అక్షరాలు చదవండి. వంటకు పనికొచ్చే నూనె అని, ఆహార లైసెన్సు సంఖ్య అని రెండూ లేకపోతే ఆ సీసాను దేవుడి గూటికే ఉంచండి.